చిడిమ్మ వాటా

న్యూజెర్సీ రాష్ట్రం ప్లెయిన్స్‌బరోలో కాపురముంటున్న నేను, గాజుల ఓజోయెమెన, కీర్తిశేషులు గాజుల తిరుపతయ్య గారి భార్యను, వయసు అరవై ఆరు, రిటైర్డ్ నర్సును, నా తదనంతరం నా ఆస్తిపాస్తులు ఎవరికి చెందాలో ఈ వీలునామా ద్వారా తెలియజేస్తున్నాను. నా మతి నా దగ్గరే ఉంది. నన్ను ఎవరూ భయపెట్టలేదు, ఎవరూ ఆశపెట్టలేదు. ఒంట్లో జ్వరం లేదు, మత్తుమందు లేదు.

మతి గురించిన ఈ ముక్క అందరూ రాసేదే. నా విషయంలో మాత్రం రుజువు చేసుకోవలసి వచ్చింది. ఫ్రిస్కోలో ఉండే మా మరిది రాజ్ కిందటేడు మా అమ్మాయి తన్వికి ఫోన్ చేసి, వదినకి మతి చలించింది, లేని మనుషులు కనిపిస్తున్నారు, ఇల్లు ఎవరికో రాసేస్తుంది, ఇప్పుడే కోర్టుకి వెళ్లి ఆమె వ్యవహారాలు నీ చేతిలోకి తీసుకో అని చెప్పాడు. తన్వి తీసుకోలేదు కానీ భయపడింది. అందుకని నేనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. గడియారం బొమ్మ గీయమన్నారు, గీశాను. నేను నర్సుగా ఎందరో ముసలివాళ్ళ చేత గీయించిన బొమ్మే అది. ఆ సర్టిఫికెట్ దీనితో జతపరిచాను.

మా లాయర్ దేదీప్య ఇంగ్లీషులో ఒక వీలునామా రాసింది. అది పొట్టిగా, శుభ్రంగా ఉంది. అందులో ఎవరూ కనిపించరు. రెండింటికీ తేడా వస్తే కోర్టు దాని మాటే వింటుంది. మీరు మాత్రం దీన్ని వినండి. నా సొంత భాష ఇగ్బో ఈ ఇంట్లో ఎవరికీ రాదు. ఇంగ్లీషులో నేను ఉద్యోగం చేశాను, అంతకుమించి దానితో నాకు చనువు లేదు. తెలుగు మా అత్తగారు నేర్పారు, అక్షరాలు ఆమె పోయాక పక్కింటి గిరిజ నేర్పింది. గిరిజ నాన్నగారు హుజూరాబాద్‌లో దస్తావేజులు రాసేవారట. ఇందులో బరువైన మాటలన్నీ ఆమె చెప్పినవే. తన్వికి తెలుగు మాట్లాడటమే గానీ చదవటం రాదు కనుక, దీన్ని గిరిజే పైకి చదివి వినిపించాలి.

1. దేదీప్య రాసిన ఇంగ్లీషు వీలునామా తప్ప, ఇంతకుముందు నేను రాసిన వీలునామాలన్నీ రద్దు చేస్తున్నాను. వీటిని అమలుచేసే బాధ్యత నా ఏకైక కూతురు తన్వి ఇఫెయోమాకి అప్పగిస్తున్నాను. తనకి ఇందులో కొన్ని అంశాలు ఇష్టం లేవని నాకు తెలుసు. ఇష్టం లేని పని కూడా సరిగ్గా చేస్తుందని కూడా తెలుసు.

2. నైజీరియాలో, ఉముఆహియాకి కొంత దూరంలో ఉన్న మా పుట్టింటి భూమిలో నాకు వాటా లేదు. మా వాళ్ళలో ఆడపిల్లకి భూమి ఇవ్వరు. నాన్న యుద్ధంలో పోయాక మా పెదనాన్న కొడుకులు ఆ భూమిలో కర్రపెండలం పాతి, అమ్మకి వంటగది మాత్రం వదిలారు. అందుచేత అక్కడినుంచి ఎవరికీ ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. ఈ మాట కోపంగానే రాస్తున్నాను.

అక్కడినుంచి నాతో వచ్చింది నా పేరూ నా చెవీ. నాకన్నా ముందు అమ్మకి ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. మూడోసారి నేను పుట్టగానే నాన్న ఓజోయెమెన అని పేరు పెట్టాడు. మళ్ళీ ఇలా జరగకూడదు అని ఆ పేరుకి అర్థం. అమ్మకి పేరు ఒక్కటే చాలదనిపించింది. నా ఎడమ చెవి తమ్మెకి కత్తితో చిన్నగా గాటు పెట్టించింది. వంక ఉన్న పిల్ల మృత్యువుకి నచ్చదని వాళ్ళ నమ్మకం. ఐదేళ్ళ తర్వాత నా చెల్లెలు పుట్టింది. దాని చెవికీ అదే గాటు. దాని పేరు చిడిమ్మ.

3. చిడిమ్మ గురించి ఇక్కడే చెప్పాలి, లేకపోతే మిగిలిన అంశాలు మీకు అర్థం కావు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, మా ఇగ్బోవాళ్ళు వేరే దేశంగా విడిపోతామంటే, నైజీరియా ప్రభుత్వంతో యుద్ధం వచ్చింది. మా ఊరు ఖాళీ చేసి, ఇంకో ఊరు, అక్కడినుంచి ఇంకో ఊరు పోయాం. రెండో ఏటికి తిండి లేదు. బల్లుల్ని తిన్నాం, కర్రపెండలం ఆకులు తిన్నాం. చిడిమ్మ పొట్ట ఉబ్బింది, జుట్టు ఎర్రబారింది, ఏడవటం మానేసింది. ఏడవటం మానేసిన పిల్ల ఎక్కువ రోజులు ఉండదని అప్పటికి మా అందరికీ తెలుసు. మిషన్ ఆసుపత్రి వాళ్ళు జబ్బు పిల్లల్ని లారీలో ఎక్కించి విమానం దగ్గరికి పంపుతున్నారు. సముద్రం అవతల గబాన్ అనే దేశంలో పాలు పోసి బతికిస్తారు, యుద్ధం అయ్యాక తిరిగి తెస్తారు అన్నారు. అమ్మ మా ఇద్దరినీ తీసుకెళ్ళింది. ఒక ఇంటికి ఒక పిల్లే అన్నారు. అమ్మ నా వైపు చూసింది, దాని వైపు చూసింది, దాన్ని ఎత్తి లారీలోకి అందించింది. దాని ఒంటిమీద నాన్న చొక్కా ఒక్కటే ఉంది. అది పాదాల దాకా వేలాడింది. లారీ కదిలాక కూడా అది ఏడవలేదు. నన్నే చూస్తూ ఉంది.

యుద్ధం అయింది. పిల్లల్ని తిరిగి తెచ్చినప్పుడు అమ్మ ప్రతిసారీ వెళ్ళింది. చాలామంది వచ్చారు. చిడిమ్మ రాలేదు. దారిలోనే పోయిందని ఒకరు, అలాంటి పిల్లే విమానం ఎక్కలేదని ఒకరు చెప్పారు. అమ్మ ఇంటి తలుపుకి గడియ పెట్టటం మానేసింది. నేను ఎనుగు అనే పట్నంలో నర్సింగ్ చదువుతుండగా అమ్మ పోయింది. మట్టి చేసి హాస్టల్‌కి తిరిగొచ్చిన సాయంత్రం, నా గది గుమ్మంలో చిడిమ్మ నిలబడి ఉంది. అదే చొక్కా. అదే పొట్ట. లోపలికి రాలేదు.

అప్పటినుంచి నేను ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి గుమ్మంలోకి వస్తూనే ఉంది. రోజూ కాదు. ఏమీ అడగదు. తలుపు మూస్తే ఇంకో తలుపులో ఉంటుంది. నాకు భయం వేసేది కాదు, అది వచ్చిన రోజు అన్నం మాత్రం గొంతు దిగేది కాదు.

4. నా చొక్కాకి పిన్నుతో తగిలించుకునే నర్సు గడియారం రాజ్ కూతురు స్మృతికి ఇస్తున్నాను. తను నర్సింగ్ చదువుతోంది. తండ్రి మీద కోపం పిల్ల మీద చూపించేదాన్ని కాను. అమ్మా స్మృతీ, దాన్ని నా మొదటి జీతంతో కొన్నాను. ఇరవై ఐదేళ్ళప్పుడు, అంటే 1984లో నెవార్క్ వచ్చినప్పుడు, నా దగ్గర ఉన్న ఖరీదైన వస్తువు అదొక్కటే. మొదట్లో పేషెంట్లు కొందరు నా చేతిని తాకనిచ్చేవాళ్ళు కాదు. ఇంకో నర్సుని పంపమనేవాళ్ళు. నేను పక్కకి జరిగి ఈ గడియారం చూసుకుంటూ నిలబడేదాన్ని. నీకూ అలాంటివాళ్ళు తగులుతారు. నిలబడు. నొప్పి వచ్చినప్పుడు వాళ్ళే పిలుస్తారు.

5. మా ఆయన రేడియో, ఆయన కళ్ళజోడు, ఆయన చలికోటు తన్వికి చెందుతాయి. కోటు ఎవరికీ ఇవ్వొద్దు, నువ్వే వేసుకో.

మీ నాన్న నెవార్క్‌లో నేను పనిచేసిన ఆసుపత్రిలోనే ఫార్మసిస్ట్. కరీంనగర్ దగ్గరి పల్లెటూరి మనిషి, మాట తక్కువ. నేను తలుపు దాటాక దాన్ని వెంటనే వదలను. ఒక్క క్షణం పట్టుకుని ఉంటాను. అది నాకే తెలియని అలవాటు. మందులకోసం వెళ్ళినప్పుడల్లా ఆయన గమనించాడట. ఒకరోజు క్యాంటీన్‌లో అడిగాడు, నీ వెనక ఎవరన్నా వస్తున్నారా అని. ఎగతాళి అనుకుని ముఖం చూశాను. ఎగతాళి లేదు. మా చెల్లెలు, అన్నాను. ఇద్దరం బయటికి వస్తుంటే ముందు ఆయన నడిచాడు, తలుపు తెరిచాడు, నేను దాటాక కూడా ఇంకాసేపు పట్టుకుని నిలబడ్డాడు.

ఆ తర్వాత రెండేళ్ళకి కోర్టులో పెళ్ళి చేసుకున్నాం. ఆయనకి ఆ పిల్ల ఒక్కసారి కూడా కనిపించలేదు. కనిపించిందని అబద్ధం చెప్పలేదు, లేదని నాతో వాదించలేదు. 2017లో పక్షవాతం వచ్చి పోయేదాకా ప్రతి తలుపూ అలాగే పట్టుకున్నాడు.

6. మా అత్తగారి వెండి కడియాలు, ఇత్తడి చెంబు, ఆమె పడుకున్న నవారు మంచం తన్వికి. ఆమె స్టీలు కంచం గురించి పదో అంశంలో రాశాను.

మా అత్తగారి పేరు పెంటమ్మ. మామగారు పోయాక 1996లో మా దగ్గరికి వచ్చారు. ఎయిర్‌పోర్టులో నన్ను చూసి, కొడుకు చెయ్యి పట్టుకుని కార్ దాకా నడిచారు. ఇంటికి వచ్చాక తన గిన్నెలు వేరు, తన పొయ్యి వేళ వేరు. నేను వండింది ముట్టలేదు. తన్వికి అప్పుడు ఐదేళ్ళు. మనవరాలి జుట్టుకి నూనె రాసేవారు, దువ్వెన దిగకపోతే నావైపు చూసేవారు. నేను డ్యూటీ నుంచి వస్తే ఆమె తన గదిలోకి వెళ్ళిపోయేవారు. ఆ చలికాలమంతా మేం ఒకరి అడుగుల చప్పుడు ఒకరం విన్నాం తప్ప మాట్లాడుకోలేదు. నాకు అప్పటికి మా ఆయన దగ్గర నేర్చిన తెలుగు నాలుగు ముక్కలే.

ఒక మధ్యాహ్నం నేను వంటింట్లో ఉన్నాను. ఆమె హాల్లోంచి పిలిచారు. నన్ను పిలవటం అదే మొదటిసారి. ఏమైందోనని వెళ్ళాను. ఆమె సోఫాలో కూర్చుని వీధి తలుపు వైపు చూస్తున్నారు. అన్నారు:

"ఆ పొల్ల ఎవలే? గంటసేపటి సంది గుమ్మం కాడ్నే నిలవడ్డది. లోపటికి రమ్మంటే వస్తలేదు. అన్నం తిన్నదో లేదో అడుగు."

నా చేతిలో గిన్నె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో గుర్తులేదు. నేను చూశాను. చిడిమ్మ ఉంది. నా జీవితంలో దాన్ని ఇంకొకరు చూడటం అదే మొదలు. నేను అక్కడే నేలమీద కూర్చున్నాను. పెంటమ్మ లేచి, తన గిన్నెలోంచి తన కంచంలో అన్నం పెట్టి, పచ్చిపులుసు కలిపి, మెత్తగా పిసికి, గుమ్మం ముందు పెట్టారు. ఇంత పొట్ట ఉన్న పిల్లకి కారం వద్దు అని మిరపకాయ తీసేశారు. తర్వాత ఇంకో కంచంలో పెట్టి నా ముందుకి జరిపి, నువ్వు గూడ తిను అన్నారు.

ఆ సాయంత్రం వచ్చీరాని తెలుగులో ఆమెకి అంతా చెప్పాను. ఆమె విన్నారు. పేరు అడిగారు. చిడిమ్మ అంటే ఆమెకి చిట్టెమ్మ అని వినపడింది. చివరిదాకా చిట్టెమ్మ అనే పిలిచారు. నా పేరుకి అర్థం అడిగారు. చెప్పాను. అప్పుడు తన పేరు సంగతి చెప్పారు. ఆమెకన్నా ముందు పుట్టినవాళ్ళంతా పురిట్లోనే పోయారట. ఆమె పుట్టగానే చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడేసి, ఎవరో వదిలేసిన పిల్లని తెచ్చుకున్నట్టు, చేటెడు తవుడు ఇచ్చి కొనుక్కున్నారట. అందుకని పెంటమ్మ. ముక్కుకి రెండు పక్కలా కుట్టిన గుర్తులు చూపించారు. నేను నా చెవి చూపించాను. ఆమె నా చెవి పట్టుకుని చాలాసేపు చూశారు. మీ అమ్మ గూడ గట్లనే మొండిది ఉన్నట్టుంది, అన్నారు.

ఆ రోజు నుంచి ఆ పిల్ల వచ్చినప్పుడల్లా ఆమె కంచం పెట్టేవారు. మర్నాడు ఆ అన్నం పిట్టలకి వేసేవారు. పిల్ల తిన్నదా లేదా అని నేను ఎప్పుడూ అడగలేదు. నా గొంతులో ముద్ద దిగటం మాత్రం అప్పుడే మొదలైంది.

7. మరిది రాజ్‌కి వాళ్ళమ్మ పేరు చెక్కిన స్టీలు గ్లాసు ఇస్తున్నాను. ఇంకేమీ ఇవ్వటం లేదు, కారణం కూడా చెబుతున్నాను.

నువ్వు చదువుకోవడానికి ఈ దేశం వచ్చినప్పుడు రెండేళ్ళు మా అపార్ట్‌మెంట్‌లో ఉన్నావు. నేను షిఫ్ట్ నుంచి వచ్చి నీకు వండాను. అది చెప్పుకోను, వదిన కాబట్టి చేశాను. 2009లో అత్తగారు పోయారు. మంచాన పడిన ఆర్నెల్లూ ఆమెకి స్నానం చేయించింది నేను. ఫ్యూనరల్ హోమ్‌లో ఆఖరి స్నానం దగ్గర మాత్రం, వదిన బయట ఉంటే బాగుంటుంది, పంతులుగారు ఏమన్నా అనుకుంటారు, అన్నావు. మీ అన్నకి ఆ రోజు నోరు లేవలేదు. నేను కారిడార్‌లో నిలబడ్డాను. పంతులుగారు ఏమీ అనుకోలేదు రాజ్, ఆయన బయటికి వచ్చి నాకు కుర్చీ వేశారు. అనుకున్నది నువ్వు. ఆ కారిడార్‌లో నేను ఒక్కదాన్నే లేను. గుమ్మం దగ్గర నిలబడటం ఎలా ఉంటుందో ఆ రోజు మా చెల్లెలి పక్కన నిలబడి తెలుసుకున్నాను.

గ్లాసులో నీళ్ళు తాగినప్పుడైనా మీ అమ్మ గుర్తుకు రావాలని ఇస్తున్నాను. ఆమె నిన్ను చివరిదాకా చిన్నోడా అనే తలుచుకున్నారు.

8. 2022లో రిటైర్ అయ్యాను. చివరి పదహారేళ్ళూ హాస్పిస్‌లో, ఇక కోలుకోరని తేలినవాళ్ళ దగ్గర చేశాను. కేక్ కోశారు, పూలు ఇచ్చారు. ఇంటికి వచ్చి తలుపు తీస్తే గుమ్మంలో అదే పిల్ల. అత్తగారు లేరు, ఆయన లేడు, తన్వి కమ్మింగ్ అనే దూరపు ఊళ్ళో ఉద్యోగం. ఆ ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. ఇక వెళ్ళి వెతకాలనుకున్నాను. ఇన్నేళ్ళూ ఎందుకు వెళ్ళలేదంటే, చిన్నపిల్ల, ఆ తర్వాత అత్తగారి మంచం, ఆ తర్వాత ఆయన మంచం. ఇంకో సంగతి కూడా ఉంది. అది పోయిందనే నేను నమ్మాను. పోయినట్టు నా కంటికి కనిపిస్తూ ఉంటే ఎక్కడికి వెళ్ళి వెతకను? కనీసం దాని మట్టి ఎక్కడుందో చూడాలని బయలుదేరాను. తన్వి వద్దంది. వద్దంటూనే టికెట్ బుక్ చేసింది.

గబాన్ రాజధాని లిబ్రవిల్‌లో, అప్పట్లో వెళ్ళి అక్కడే పెరిగి ముసలివాళ్ళయిన మా వాళ్ళు కొందరు ఒక చర్చికి వస్తారని తెలిసింది. అక్కడి ఫాదర్‌ని కలిశాను. ఆయన ఆదివారం ప్రార్థన అయ్యాక, ఎడమ చెవికి గాటు ఉన్న చిడిమ్మ అనే పిల్ల గురించి ఎవరికన్నా తెలుసా అని అడిగారు. ఎవరూ లేవలేదు. తర్వాతి ఆదివారం మళ్ళీ అడిగారు. వెనక వరసలోంచి నలభై ఏళ్ళ మనిషి ఒకామె లేచి నిలబడింది. తన ఎడమ చెవిని వేళ్ళతో పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె చెవికి గాటు లేదు. అమ్మకి ఉండేది అని చూపిస్తోంది.

ఆమె పేరు ఒదిల్ మూసావు. మా చెల్లెలి కూతురు.

చిడిమ్మ బతికింది. ఆసుపత్రిలో పాలు తాగి, పొట్ట తగ్గి, లేచి నడిచింది. నీ వాళ్ళందరూ యుద్ధంలో పోయారని ఎవరో చెప్పారట. అందుకే తిరిగొచ్చే విమానం ఎక్కించలేదు. బట్టలు కుట్టే ఒకామె పెంచుకుంది. తనూ బట్టలు కుట్టింది, పెళ్ళి చేసుకుంది, ముగ్గురు పిల్లల్ని కంది. నేను వెళ్ళడానికి రెండేళ్ళ ముందు, యాభై ఏడేళ్ళకి గుండెజబ్బుతో పోయింది.

ఒదిల్ నన్ను ఇంటికి తీసుకెళ్ళింది. ఒదిల్‌కి ఫ్రెంచి తప్ప రాదు కనుక, మా మాటలు ఒకరివి ఒకరికి చెప్పడానికి ఫాదర్ కూడా వచ్చారు. వీధి తలుపు పక్కన, గుమ్మానికి ఎదురుగా ఒక కుర్చీ ఉంది. ఎవరూ కూర్చోని కుర్చీ అని చూడగానే తెలుస్తోంది. దాని మీద కుట్టుపని చేసిన గలేబు తొడిగిన దిండు ఉంది. ఎవరిదని అడిగాను. ఒదిల్ చెప్పింది, ఫాదర్ ఆగి ఆగి నాకు చెప్పారు.

"మా అమ్మ వాళ్ళక్కది. చిన్నప్పుడే యుద్ధంలో పోయిందట. గుమ్మంలో వచ్చి నిలబడుతుందని అమ్మ చెప్పేది. లోపలికి రాదు, పాపం కాళ్ళు నొప్పెడతాయి కదా అని కుర్చీ వేసింది."

ఎలా ఉంటుందని చెప్పేది, అని అడిగాను. గుండు కొట్టించిన తొమ్మిదేళ్ళ పిల్ల, భుజం దగ్గర చిరిగిన పచ్చ గౌను.

లారీ వెళ్ళిన రోజు నేను వేసుకున్నది అదే గౌను. అది భుజం దగ్గర చిరిగిందని తెలిసినవాళ్ళు అమ్మా, నేనూ, చిడిమ్మా. ఇంకెవరూ లేరు.

నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. ఒదిల్ నా కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుంది. పొద్దుగూకేదాకా ఇద్దరం లేవలేదు. నేను నెవార్క్‌లో, ఇక్కడ, దాన్ని చచ్చిపోయిన పిల్లగా చూస్తున్న ఏళ్ళన్నీ అది అక్కడ మిషన్ తొక్కుతూ, పిల్లల్ని కసురుతూ, నన్ను చచ్చిపోయిన పిల్లగా చూస్తూ ఉంది. ఇద్దరం బతికే ఉండి ఒకరి గుమ్మంలో ఒకరం దయ్యాలమై నిలబడ్డాం. మరి నా గుమ్మంలో నిలబడింది ఎవరు? పెంటమ్మ ఎవరికి అన్నం పెట్టారు? డాక్టర్ దగ్గర దీనికి ఒక మాట ఉంది, ఫాదర్ దగ్గర ఒక మాట ఉంది. నా దగ్గర లేదు.

తిరిగి వచ్చాక తన్వి బతిమాలింది, అమ్మా, ఎవరో ఆశతో చెప్పి ఉండొచ్చు, ఒక్క డీఎన్‌ఏ టెస్ట్ చేయించు అని. నాకు అక్కర్లేదు, తనకోసం చేయించాను. దగ్గరి రక్తసంబంధమని వచ్చింది. తన్వి రిజల్ట్ రెండుసార్లు చదివింది. తర్వాత ఒదిల్‌కి వీడియో కాల్ చేసింది. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ ఊరికే చూసుకుంటూ కూర్చున్నారు. తన్వి తన చెవి వెనక్కి జుట్టు సర్దుకుంటే అవతల ఒదిల్ నవ్వింది. వాళ్ళమ్మ కూడా అలాగే సర్దుకునేదట.

9. ప్లెయిన్స్‌బరోలో నేను ఉంటున్న ఇల్లు నా తర్వాత అమ్మాలి. వచ్చినదాన్ని రెండు సమాన వాటాలు చేయాలి. ఒక వాటా నా కూతురు తన్వి ఇఫెయోమాది. రెండోది చిడిమ్మ వాటా. అది ఆమె కూతురు ఒదిల్ మూసావుకి చెందుతుంది. నాకన్నా ముందు ఒదిల్ పోతే ఆమె పిల్లలకి చెందుతుంది.

దేదీప్య ఇంగ్లీషు కాగితంలో నీస్ అని, అంటే మేనకోడలని, రాస్తానంది. తెలుగులో అక్కచెల్లెళ్ళ బిడ్డ కూతురే అవుతుందని గిరిజ చెప్పింది. ఇగ్బోలో కూడా అంతే. కనుక ఇక్కడ కూతురు అనే రాస్తున్నాను. తన్వీ, నువ్వు ఒక్కదానివే అని పెరిగావు. పంచుకోవటం నేర్పే అవకాశం నాకు రాలేదు. ఇప్పుడు నేర్చుకో.

బయటి మనిషికి ఇల్లేమిటని రాజ్ అడిగాడట. ఈ ఇంటికి నేనూ బయటి మనిషినే. రాజ్, మీ అమ్మ కంచం జరిపాక లోపలి మనిషినయ్యాను.

10. పెంటమ్మ గారి స్టీలు కంచం ఒదిల్‌కి పంపాలి. నేను గబాన్ నుంచి వచ్చాక ఆ పిల్ల రావటం మానేస్తుందనుకున్నాను. మానలేదు. ఇంకా వస్తోంది. అరవై దగ్గరపడి పోయిన మనిషి నాకు నాలుగేళ్ళ పిల్లగానే కనిపిస్తోంది, అదే చొక్కాతో. నేను పోయాక ఎవరికన్నా కనిపిస్తుందో లేదో నాకు తెలియదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు శాంతి చేయించటం, పాస్టర్‌ని పిలిచి తరిమించటం లాంటివి చేయొద్దని గట్టిగా చెబుతున్నాను. ఆ పిల్లని ఒకసారి లారీ ఎక్కించి పంపారు. మళ్ళీ ఎవరూ పంపొద్దు.

11. నన్ను ఇక్కడే, న్యూజెర్సీలోనే మట్టి చేయండి. నా శరీరాన్ని నైజీరియా పంపించమని మా పెదనాన్న మనవలు ఫోన్ చేస్తారు. వాళ్ళకి మర్యాదగా కాదని చెప్పండి. తిరుపతయ్య బూడిద ఇక్కడి నదిలో కలిపాం, నేను ఆ నదికి దగ్గరగా ఉంటాను. నాకు ఆఖరి స్నానం తన్వి చేయించాలి. గిరిజ పక్కన ఉండాలి. ఎవరినీ బయట నిలబెట్టొద్దు. రాజ్ వస్తే రాజ్‌ని కూడా.

12. ఇది ఆస్తి సంగతి కాదు. దేదీప్య ఇది వీలునామాలో చెల్లదంది. చెల్లకపోయినా రాస్తున్నాను.

హాస్పిస్‌లో నేను కళ్ళు మూసినవాళ్ళలో చాలామంది చివర్లో గుమ్మం వైపు చూసి ఎవరితోనో మాట్లాడేవాళ్ళు. ఇంట్లోవాళ్ళు కంగారుపడి, అక్కడెవరూ లేరమ్మా, అని సరిదిద్దేవాళ్ళు. నేను వాళ్ళ భుజం మీద చెయ్యి వేసి ఆపేదాన్ని. చిడిమ్మ కూడా పోయే రోజు ఆసుపత్రి తలుపు వైపు చూసి ఏదో అన్నదని ఒదిల్ చెప్పింది. ఆ మాటలు ఫ్రెంచి కాదట. తల్లి నోట ఎన్నడూ వినని భాషట. వినపడినంతవరకు గుర్తుపెట్టుకుని, అర్థం తెలియకుండానే నాకు అప్పజెప్పింది. అది మా ఇగ్బో. నాలుగేళ్ళకే దాన్ని విడిచిపోయింది కదా, ఎక్కడ దాచుకుందో. అక్కా, ఎండలో ఎందుకు, లోపలికి రా, అని ఆ మాటలకి అర్థం.

కనుక తన్వీ, నా సమయం వచ్చినప్పుడు నేను గుమ్మం వైపు చూసి మీకెవరికీ రాని భాషలో ఏదన్నా అంటే, నన్ను సరిదిద్దొద్దు, మందు పెంచమని నర్సుకి చెప్పొద్దు. నేను ఏమంటానో ఇప్పుడే తెలుగులో చెబుతున్నాను, వస్తున్నానే అంటాను. నువ్వు లేచి తలుపు తెరువు. తెరిచాక వెంటనే వదలొద్దు. మీ నాన్నలాగా కాసేపు పట్టుకుని నిలబడు.

పైన రాసినదంతా గిరిజ చదివి వినిపించగా విని, నా మాటేనని ఒప్పుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట, వాళ్ళు చూస్తుండగా, 2025 నవంబరు ఎనిమిదో తేదీ శనివారం ఉదయం, ప్లెయిన్స్‌బరోలోని నా ఇంట్లో సంతకం చేస్తున్నాను.

(సంతకం) గాజుల ఓజోయెమెన

సాక్షులు:
1. వేముల గిరిజ, పక్కింటి నివాసి
2. కొండపాక ఉమ, రిటైర్డ్ నర్సు, హాస్పిస్‌లో నాతో పనిచేసినది